ఎందుకు అమ్ముతున్నావంటే

చెరువు పొంగి నల్లగండ్ల గల్లీలు మునిగిన నాలుగో ఏడు, బాలానగర్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోదామని పోశయ్య తన రెండు గదుల ఇల్లు అమ్మకానికి పెట్టాడు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిన చోటు కదా, చూడ్డానికి చాలామంది వచ్చారు. ఎందుకు అమ్ముతున్నారని అందరూ అడిగేవారు. పోశయ్య తల దించుకుని ఊరుకునేవాడు. వాళ్లు ముఖముఖాలు చూసుకుని వెళ్లిపోయేవారు.

ఒక సాయంత్రం బ్రోకర్ మల్లేశ్‌కు ఓపిక నశించింది. “కాకా, నోరు దెరిస్తే ముత్యాలు రాలుతయా ఏంది? నువ్వు సప్పుడు జేయకుంటే కోర్టు కేసున్నదనుకుంటున్రు. ఒకాయనైతే దయ్యమున్నదా అని అడిగిండు. ఇగ నాకన్న జెప్పు, ఎందుకమ్ముతున్నవ్?”

పోశయ్య వెనక తలుపు వైపు చూశాడు. ఆ వరదనాడు వంటిల్లు మునిగితే, అతని భార్య లచ్చవ్వ స్టవ్వును మంచమెక్కించి మరీ చాయ్ కాచింది. బతికున్నన్నాళ్లూ ఏ సాయంత్రమూ వెనక అరుగు మీద ఆ చాయ్ తప్పలేదు.

“నాలుగైతే చాయ్‌కి పిలుస్తదని చూస్తనే ఉంట,” అన్నాడు. “పోయి రెండేండ్లాయె. చెవులు ఇంక మానుకుంటలేవు. ఈడ ఉండలేను రా.”

మల్లేశ్ గొంతు తగ్గింది. “గదే జెప్పు కాకా, వాళ్లకు.”

మర్నాడు పొద్దున పుణ్యవతి అనే ఆవిడ భర్తతో వచ్చి ఇల్లంతా చూసింది. “ఎందుకు అమ్మేస్తున్నారండి?” అని అడిగింది.

పోశయ్య లోపలికి పోయి, లచ్చవ్వ పోయాక మొదటిసారి చాయ్ కాచాడు. మూడు గ్లాసులు వెనక అరుగు మీద పెట్టి, “కూసోండ్రి, చెప్త,” అన్నాడు.