గొడుగవ్వ ఎలా ఉంది?

నేను పళ్లు చేస్తాను. అలాగని వైద్యుణ్ని కాను. వైద్యులు నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్ని బట్టి కట్టుడుపళ్లు తయారుచేసే పనివాణ్ని. మా పనిగది ఒక భవనం కింది అంతస్తులో మెట్ల వెనక ఉంటుంది. మైనం, ప్లాస్టర్, సానబట్టే చక్రం, పంటిరంగు పోల్చి చూసుకునే పలకల గుత్తి, ఎప్పుడూ తెరవని ఒక కిటికీ. పాతికేళ్లలో కొన్ని వేలమందికి పళ్లు చేసి ఉంటాను. వాళ్లలో ఒక్కరినీ నవ్వుతుండగా చూడలేదు.

పంటి మీద వెంట్రుకవాసి తేడా ఉన్నా నా వేలికి తెలిసిపోతుంది. పనిచోట ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. పట్టించుకున్నది ఫోన్లో నేనున్న బొమ్మల గుంపొక్కటే.

బొమ్మలంటే పిల్లల బొమ్మలు కావు, మేం అలా ఒప్పుకోం. వీరుల సినిమా ఒకటి వస్తుంది. ఆ సినిమా వాళ్ల దగ్గర హక్కులు తీసుకుని బొమ్మల కంపెనీ వాడు ముక్కలు ముక్కలుగా అతికించుకునే సెట్లు వేస్తాడు, వేలెడంత మనుషుల్ని వేస్తాడు. అవి బాగున్నాయా లేదా అని ఫోన్లలో కొట్టుకుచచ్చేవాళ్లం మేం. వీరుడి అంగీ గుడ్డతో ఉండాలా, ప్లాస్టిక్‌తోనా? గుండె మీద గుర్తు అచ్చువేస్తే మర్యాద, స్టిక్కర్ అంటిస్తే మోసమా? పెట్టె మీద ఎనిమిదివందల ముక్కలని రాసి, అందులో సగం గోరంత పలకలతో నింపితే ఊరుకోవాలా? నేను ఊరుకోను. ‘ఉక్కురెక్క’ కోట సెట్ వచ్చినప్పుడు నేను రాసిన అభిప్రాయం చదివి నలభైమంది కొనడం మానేశారు. ఆ వీరుడి మొహం పన్ను పీకించుకుని బయటికొచ్చిన వాడిలా ఉందని రాశాను. అలాంటి మొహాలు నాకంటే ఎవరికి బాగా తెలుస్తాయి?

నన్ను గుంపులో ‘వేళ్లు’ అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందంటే, కంపెనీ వాడు గుడ్డి పొట్లాలని కొన్ని అమ్ముతాడు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల పన్నెండుమందిలో ఎవరున్నారో తెలియదు. నేను పొట్లాన్ని రెండువేళ్ల మధ్య ఒత్తి చెప్పేస్తాను. ఇది కత్తి, ఇది రెక్క, ఇది బోడిగుండు. ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకే గుంపులో ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరికైనా ఒక బొమ్మ కావాలంటే నేను తడిమి, విప్పకుండా పంపిస్తాను. పుచ్చుకున్నవాళ్లు పొట్లం ఫోటో పెట్టి దండం పెడతారు. వేళ్లు చెప్పాయంటే ఇక అడగడాల్లేవు.

ఇల్లు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు గదులు, ఒక గదినిండా బొమ్మలు. పెళ్లి చేసుకోలేదు. ఒంటికాయ శొంఠికొమ్మునని మా అక్క ఉన్నన్నాళ్లూ దెప్పేది. అక్క పోయాక ఆ దెప్పే మనిషీ లేదు.

ఇక ‘సీలు’ గురించి. గుంపులో ఆమె పేరు అదే. కొన్నది ఏదీ విప్పదు కాబట్టి సీలు. మాలో విప్పేవాళ్లకీ విప్పనివాళ్లకీ పడదు. నేను విప్పే పక్షానికి పెద్దదిక్కుని. ‘ముక్కలు అతికించని సెట్టూ, కొరకని పన్నూ దేనికండీ?’ అని నేను రాస్తే, ‘విప్పాక మీకు మిగిలేది ఖాళీ పెట్టె. నాకు పెట్టె నిండుగా ఉంటుంది,’ అని ఆమె రాసేది. మూడేళ్లు ఇలాగే కీచులాడుకున్నాం. ఆమె ఒక స్టేషన్లో టికెట్లిచ్చే కిటికీలో కూర్చుంటుందనీ, అద్దంలో ఉన్న చిన్న కన్నంలోంచి రోజంతా మాట్లాడుతుందనీ ఒకసారి మాటల్లో తెలిసింది. అంతకుమించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయిన ఏడాది ఏడుగురు వీరుల సినిమా పొట్లాలు వచ్చాయి. పన్నెండు బొమ్మల్లో ఒకటి ‘గొడుగవ్వ’. సినిమాలో ఆవిడ కనిపించేది రెండు నిమిషాలు. అదుపుతప్పిన బస్సుకి గొడుగు అడ్డుపెట్టి ఆపి, ఎవరూ చూడకముందే తన దారిన తాను వెళ్లిపోతుంది. ఆవిడకి బొమ్మ వేయడమేమిటి, పన్నెండో చోటు నింపడానికి కాకపోతే, అని నేను కుండబద్దలు కొట్టినట్టు రాశాను.

సీలు వెంటనే తగులుకుంది. ‘ఆ సినిమా మొత్తంలో అంగీ లేకుండా పనిచేసింది ఆవిడొక్కతే. థాంక్స్ చెప్పించుకోనిది కూడా ఆవిడొక్కతే. నాకు ఆవిడే కావాలి. మిగతా పదకొండుమందినీ మీరే ఉంచుకోండి.’

ఆ మాట నాకెందుకో తగిలింది. మర్నాడు పని నుంచి వస్తూ దుకాణంలో ఆగాను. పొట్లాల డబ్బా ముందు నిలబడి అన్నీ ఒత్తాను. పదిహేనో పొట్లంలో సన్నని కర్ర, చివర వంపు, వంపు కింద గట్టి మడత. ముడుచుకున్న గొడుగు. కొని, ఫోటో తీసుకుని, సీలు అడ్రసుకి పంపించాను. ఆమె పొట్లం ఫోటో పెట్టి రాసింది: ‘అవ్వ చేరింది. వేళ్లుగారికి దండాలు.’

ఆ ఆదివారం ఊరికే సరదాగా అడిగాను. ‘అవ్వ ఎలా ఉంది?’

‘బాగుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టా,’ అంది.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం పొద్దున నేను అవ్వ ఎలా ఉందని అడగడం, ఆమె ఏదో ఒకటి చెప్పడం. ‘అవ్వకి మోకాళ్లు పట్టేశాయండీ, మెట్లెక్కలేకపోతోంది.’ ‘అవ్వ నిన్న పుట్టినరోజు చేసుకుంది. కేకు సగం మిగిలిపోయింది.’ ‘అవ్వకి ఇవాళ వంట చేసుకోబుద్ధి కాలేదట.’ నేను నవ్వు బొమ్మలు పెట్టేవాణ్ని. భలే కల్పిస్తుందే అనుకునేవాణ్ని. ఒక్కోసారి ఆ వారం మొత్తానికి నాతో పనిమీద కాక మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే అయ్యేది. ఆదివారం కోసం శనివారం నుంచే ఎదురుచూసేవాణ్నని చెప్పడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు.

ఏడాది గడిచింది. గుంపులో ‘తూకం మామ’ అని ఒకాయన ఉన్నాడు. పొట్లాల్ని తడమడు, బంగారం తూచే కాటా మీద తూస్తాడు. నేనంటే ఆయనకి ఎప్పుడూ కాస్త కడుపుమంట. ఒక బుధవారం ఆయన పెద్ద పోస్టు పెట్టాడు. ‘ఏడుగురు వీరుల పొట్లాలు రెండు విడతలుగా వచ్చాయి. అతుకు దగ్గర ఒక చుక్క ఉంటే మొదటి విడత, రెండు చుక్కలుంటే రెండోది. రెండో విడతలో గొడుగవ్వని వెయ్యనే లేదు. నేను మూడు డబ్బాలు విప్పి చూశా. పైగా అందులో కొక్కెం దొంగ బొమ్మ చేతిలోని వంపుకర్రని లావు చేశారు. తడిమితే అచ్చం గొడుగులాగే ఉంటుంది. కాబట్టి వేళ్ల మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు చూసుకోండి.’

పంపేముందు తీసిన ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. అతుకు దగ్గర రెండు చుక్కలు.

పప్పులో కాలేశాను. సీలు కిటికీ పక్కన ఏడాదిగా కూర్చున్నది అవ్వ కాదు, దొంగ. ఆమె విప్పదు కాబట్టి ఆమెకి తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. చెబితే? ఇన్నేళ్లుగా ఎగిరెగిరిపడిన నా వేళ్ల పరువు పోతుంది, అది సరే. కానీ అవ్వే లేదని తేలాక ఆదివారం ఏమని అడగను? ‘మీరెలా ఉన్నారు’ అని అడగడం నాకు చేతకాదు. నాకు భయమేసింది ఆ ఆదివారం గురించే.

మామ పోస్టు కింద ఆ సాయంత్రం సీలు ఒకే మాట రాసింది. ‘ఓహో.’

ఆ ఓహో ఏ ఓహో? రెండురోజులు దాన్ని పంటి అచ్చులాగ తిప్పితిప్పి చూశాను. కోపమా, ఎకసెక్కమా, మామూలు ఊకొట్టడమా? చుక్కలు చూసుకుందా? ఏమీ అంతుపట్టలేదు. ఆదివారం వచ్చింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను తప్ప అవ్వ ఎలా ఉందని అడగలేకపోయాను. సోమవారం ఆమే రాసింది. ‘నిన్న అవ్వని అడగలేదే?’

దొంగ స్థానంలో అసలు అవ్వని తెచ్చిపెట్టి, అప్పుడే నోరు విప్పాలని పంతం పట్టాను. ఒంటి చుక్క పొట్లం కోసం రోజూ పని కాగానే దుకాణాలు తిరిగాను. పెద్ద దుకాణాల్లో ఎప్పుడో అయిపోయాయి. ఒకచోట అమ్మే పిల్ల ‘అన్నీ అలా నలిపేస్తున్నారేంటి సార్, కొనేదుంటే కొనండి,’ అని కసురుకుంది. ఈ వయసులో పొట్లాలు పిసుకుతున్నందుకు తలొంచుకుని బయటికొచ్చాను. ఎనిమిదో దుకాణం బస్‌స్టాండ్ పక్కన, పత్రికలూ దువ్వెనలూ తాళంకప్పలూ అమ్మేది. గోడకి మేకు, మేకుకి దుమ్ముకొట్టుకుపోయిన నాలుగు పొట్లాలు. మూడోదాని అతుకు దగ్గర ఒక్క చుక్క. ఒత్తాను. కర్ర, వంపు, మడత. ఒకటికి పదిసార్లు ఒత్తాను.

బయట కుండపోత. నా దగ్గర గొడుగు లేదు, జేబులో ఉన్న ఆవిడ గొడుగు తప్ప. ఇంటికి చేరేసరికి ముద్దయిపోయాను.

ఆ తడవడం తడవడం జ్వరంతో మంచమెక్కాను. పనికి రావడం లేదని ఒక మెసేజ్ పెడితే ‘సరే, కింది దవడ సెట్టు ఎక్కడ పెట్టావు?’ అని జవాబొచ్చింది. ఫలానా అరలో అని చెప్పాను. తర్వాత మూడురోజులు ఫోన్ మోగలేదు. గోడ పొడుగునా బల్ల మీద నా వీరులు రెండువందల మంది నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక్కడూ మంచినీళ్లు ఇవ్వడు కదా. మూడోరోజు మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక సీలుకి రాశాను.

‘నేను పంపింది అవ్వ కాదండీ. కొక్కెం దొంగ. నా వేళ్లు తప్పాయి. మామ పోస్టు పెట్టిన రోజు నుంచే తెలుసు, చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అసలు అవ్వ దొరికింది. లేవగానే పంపిస్తా. క్షమించండి.’

చాలాసేపటికి ఒక ఫోటో వచ్చింది. కిటికీ, కిటికీ పక్కన టీ కప్పు, కప్పుకి ఆనుకుని కొక్కెం దొంగ. పొట్లంలో కాదు, బయటే. చేతిలో కర్రకి పాత టికెట్ ముక్క మడతలు పెట్టి గొడుగులా అతికించి ఉంది. ఆ కాగితం పసుపుబారిపోయి ఉంది.

‘వచ్చిన రోజే విప్పేశా,’ అని రాసింది. ‘జన్మలో విప్పింది అదొక్కటే. నాకోసం ఒక మనిషి దుకాణంలో నిలబడి వెతికి పంపాడు కదా, ఆగలేకపోయా. చూస్తే దొంగ వెధవ! పడీపడీ నవ్వుకున్నా. చెబుదామనే అనుకున్నా. ఈలోగా ఆదివారం మీరు అవ్వ ఎలా ఉందని అడిగారు.’

అంతే రాసింది. నేను దాన్ని రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుండగా తట్టింది. లోపలున్నది దొంగ అని మొదటిరోజే తెలిసిన మనిషి, ఏడాది పొడుగునా ఏ అవ్వ సంగతులు నాకు చెప్పింది? మోకాళ్లు పట్టేసింది ఎవరికి? కేకు సగం మిగిలిపోయింది ఎవరి పుట్టినరోజుకి? వంట చేసుకోబుద్ధి కాక పడుకుంది ఎవరు? నేను నవ్వు బొమ్మలు పెట్టాను. అన్నిటికీ నవ్వు బొమ్మలే పెట్టాను. వెంట్రుకవాసి తేడా పట్టే వేళ్లు నావి.

‘అవ్వని రేపే పంపిస్తా,’ అని మాత్రం రాశాను.

‘వద్దు,’ అని వచ్చింది. ‘ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది కదా. కొన్నాళ్లు మీ దగ్గర ఉండనివ్వండి. విప్పకండి. ఆ ఒక్కటీ విప్పకండి.’

సరేనన్నాను. పొట్లం దిండు పక్కనే ఉంది. వాన నీటికి ఒక మూల ముడతపడింది. చేతిలోకి తీసుకున్నాను కానీ ఒత్తలేదు.

ఫోన్ మళ్లీ మోగింది. ఆ రోజు ఆదివారం కాదు, మంగళవారం.

‘ఇంతకీ అవ్వ ఎలా ఉంది?’

బాగుందని రాశాను. పంపకుండా చెరిపేశాను. మళ్లీ అదే రాసి మళ్లీ చెరిపాను. ఆఖరికి రాశాను. ‘జ్వరం. మూడురోజులైంది. ఎవరికీ చెప్పలేదు.’

‘మందు వేసుకుందా?’

‘వేసుకుంది.’

‘ఏమైనా తిందా?’

‘లేదు.’

‘లేచి ఏదైనా తినమనండి. తిన్నాక చెప్పమనండి. నేను ఇక్కడే ఉంటా.’

గోడ పట్టుకుని లేచాను. వంటగదిలోకి వెళ్లి పొయ్యి వెలిగించాను.