ఇరవై మూడు, ఇరవై నాలుగు

పదకొండేళ్ళుగా బస్సులో కండక్టరుగా చేస్తున్న ఆమెకు ఒక సంగతి బాగా తెలుసు. రద్దీలో వెనక నుంచి "పాస్" అని గొంతు వినబడగానే నమ్మేసే కండక్టరు ఎందుకూ పనికిరాడు. ఆమె మాత్రం జనాన్ని తోసుకుంటూ చివరి సీటు దాకా వెళ్ళేది. మొహం చూసి, పాసు చూసి, అప్పుడే ఆ మనిషిని లెక్కలో వేసుకునేది. "గొంతుకి టికెట్టు ఉండదు, మొహానికే" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది కూడా.

అందుకే కూతురు చెప్పింది వినగానే తప్పెక్కడ జరిగిందో ఆమెకు ఇట్టే తెలిసిపోయింది.

కూతురు ఏడో తరగతి. బడిలో ఆ పిల్లను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆ పిల్ల "టికెట్". ఎదురొస్తే చాలు, ఈల వేసి, "జరగండి జరగండి, లోపలికి జరగండి" అంటూ గోడకు నెట్టేవారు. ఈ మేళానికంతా పెద్ద క్లాస్ లీడరే. పిల్ల ఇంట్లో చెబితే తల్లి ప్రతిసారీ ఒకే మాట అంది. "పట్టించుకోకు. వాళ్ళ నోరే నొప్పెడుతుంది." నోళ్ళు నొప్పెట్టలేదు.

ఆ బడిలో నెలకోసారి అత్యవసర డ్రిల్లు జరిగేది. బెల్లు ఆగకుండా మోగితే పిల్లలంతా మైదానంలోకి వచ్చి వరుస కట్టాలి. వాచ్‌మన్ గేటు మూసేస్తాడు. డ్రిల్లు అయ్యేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వడు, బయటికి పోనివ్వడు. క్లాస్ లీడరు "లెక్క" అంటే ఒకటి నుంచి నలభై రెండు దాకా ఎవరి నంబరు వాళ్ళు చెప్పాలి. అన్నీ వినబడితే టీచరు సంతకం పెడుతుంది. నాలుగు నిమిషాల్లో పని పూర్తి.

మంగళవారం లీడరు బంతులు లోపల పెట్టి రమ్మని పిల్లను ఆటసామాను గదికి పంపింది. పిల్ల అటు తిరిగి బంతులు సర్దుతుంటే వెనక గడియ పడింది. మరు నిమిషంలో బెల్లు మోగింది. అది డ్రిల్లని పిల్లకు తెలియదు. ఎక్కడో నిప్పంటుకుందనుకుంది. తలుపు బాదింది, అరిచింది. మధ్యాహ్నం ఆటల మాస్టారు వచ్చి గడియ తీసేసరికి తడిసిన పావడాతో మూల కూర్చుని ఉంది. బయట మైదానంలో ఇరవై మూడో నంబరు ఎవరో చెప్పేశారు. ఆ ఇరవై మూడు ఈ పిల్లదే.

"పొగ వాసన కూడా వచ్చినట్టే అనిపించిందమ్మా," అంది పిల్ల, పావడా ఉన్న ప్లాస్టిక్ కవరు తల్లి చేతికిస్తూ.

మర్నాడు తల్లి యూనిఫాంలోనే కూతుర్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ఆయన ఓపిగ్గా విని, డ్రిల్లు రిపోర్టు తీసి బల్ల మీద పరిచాడు.

"చూడమ్మా. నలభై ఇద్దరికి నలభై ఇద్దరూ ఉన్నారు. టీచరు సంతకం ఉంది. మీ అమ్మాయి మైదానంలో ఉన్నట్టు కాగితం చెబుతోంది. మరి గదిలో ఉన్నదెవరు?"

"కాగితానికి పావడా తడవదు కదండీ," అంది ఆమె. "మా అమ్మాయి ఇదిగో, నా పక్కనే ఉంది. క్లాసులో ఇప్పుడు లెక్క చెప్పించండి. బయట నిలబడి విందాం."

ఆయన కాదనలేకపోయాడు. ముగ్గురూ తలుపు పక్కన గోడకానుకుని నిలబడ్డారు. ఆయన కబురు అందగానే లోపల టీచరు కాగితాల్లోంచి తలెత్తకుండానే లెక్క చెప్పమంది. అంకెలు గబగబా దొర్లాయి. ఇరవై రెండు. ఇరవై మూడు. ఇరవై నాలుగు. చివరి రెండూ ఒకే గొంతు. సన్నగా, కిచకిచలాడినట్టున్న గొంతు.

ప్రిన్సిపాల్ మొహం వాడింది. తల్లి కూతురి వైపు చూసింది.

"పిచ్చుక," అంది పిల్ల నెమ్మదిగా. ఆ గొంతు వల్లే ఆ పిల్లకు ఆ పేరు. పక్క సీటు, పక్క నంబరు. బడి మొత్తంలో ఈ పిల్లతో కలిసి అన్నం తినేది ఆ ఒక్కతే.

ప్రిన్సిపాల్ గదిలోకి తిరిగొచ్చాక తల్లి అడిగింది. "ఇకనుంచి మొహాలు చూసి లెక్కపెట్టించండి సార్."

"నాలుగు నిమిషాల్లో అవదమ్మా అది. రూలు మార్చాలంటే కమిటీ కూర్చోవాలి, నెలలు పడుతుంది. ఫిర్యాదంటారా, ఇవాళే తీసుకుంటాను. కాకపోతే పేరు కావాలి. గడియ పెట్టింది ఎవరో మీ అమ్మాయి చూసిందా?"

"లీడరే సార్," అంది పిల్ల.

"చూశావా?"

"అటు తిరిగి ఉన్నాను సార్."

"విన్నది రాయండి మరి. నేనూ విన్నాను, సాక్ష్యం చెబుతాను." ఆయన గొంతు తేలికపడింది. కాగితం ముందుకు జరిపాడు.

"వద్దమ్మా. నా నంబరు చెప్పకపోతే ఈసారి గదిలో నువ్వేనని దాన్ని బెదిరించుంటారు," అంది పిల్ల.

"నీ నంబరు అమ్మింది అదేగా."

"అది నా ఫ్రెండమ్మా."

"ఫ్రెండు ఉండి ఏం ఒరగబెట్టింది?" అని తల్లి కలం అందుకుంది. ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు. పిచ్చుక పేరు రాసి సంతకం పెట్టింది. రూలు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పిచ్చుకను వారం రోజులు బడికి రావద్దన్నారు. నోటీసు బోర్డులో పేరు పెట్టారు. విషయం విన్న డ్రైవరు స్టీరింగు తిప్పుతూ, "గద్దల్ని వదిలేసి పిచ్చుక మీద వేశావా అక్కా బ్రహ్మాస్త్రం," అన్నాడు.

"నువ్వు రోడ్డు చూసి నడుపన్నా," అంది ఆమె.

అయినా అస్త్రం పనిచేసినట్టే ఉంది. కూతురు అన్నం సరిగ్గా తింటోంది, అద్దం ముందు కాసేపు నిలబడుతోంది. "నన్నిప్పుడు ఎవరూ టికెట్ అనడం లేదమ్మా. లీడరు పక్కనే కూర్చోబెట్టుకుంటోంది," అంది ఒకరోజు.

"చూశావా మరి," అంది తల్లి.

"పిచ్చుక ఎలా ఉంది?" అని అడగాలనిపించింది. అడగలేదు.

తరువాతి నెల డ్రిల్లు రోజున ఆమె బస్సు బడి గోడ పక్క స్టాపులోనే ఆగి ఉంది. ఒక ముసలాయన కర్ర పట్టుకుని మెల్లగా ఎక్కుతున్నాడు. గోడవతల నుంచి పిల్లల అంకెలు వరుసగా వినబడుతున్నాయి. ఆమె చెవి అటు వేసింది.

ఇరవై మూడు. తన కూతురి గొంతు. నిబ్బరంగా ఉంది, బాగుంది.

ఇరవై నాలుగు. అదీ తన కూతురి గొంతే.

"అక్కా, రైట్ చెప్పు," అన్నాడు డ్రైవరు.

ఆమె టికెట్ల సంచీతోనే దిగి గేటు దగ్గరికి పరిగెత్తి ఊచలు పట్టుకుంది.

"డ్రిల్లు అయ్యేదాకా తీయకూడదమ్మా, రూలు," అన్నాడు వాచ్‌మన్.

"లోపల ఒక పిల్ల ఉండిపోయింది. ఆటసామాను గదిలో. నువ్వే వెళ్ళి చూడు నాయనా."

"ఎవరూ లేరమ్మా. లెక్క సరిపోయింది, నేనూ విన్నాగా."

"ఇరవై నాలుగు చెప్పింది ఆ పిల్ల కాదు."

"మరెవరు?"

ఆమె నోరు తెరిచింది. ఊచల మధ్య నుంచి ఏడో తరగతి వరుస కనబడుతోంది. లీడరు ఏదో చెవిలో చెప్పింది కాబోలు, పక్కనున్న పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒళ్ళంతా ఊగేలా నవ్వుతోంది. ఆ పిల్ల అలా నవ్వి ఏడాది దాటింది. నవ్వుతూనే గేటు వైపు చూసింది, తల్లిని చూసింది, చూపు తిప్పేసుకుంది.

"చెప్పమ్మా, ఎవరు?" అన్నాడు వాచ్‌మన్ మళ్ళీ.

వెనక డ్రైవరు హారను కొడుతున్నాడు. లోపల టీచరు ఇంకా వరుస ముందే నిలబడి, కాగితం అట్ట మీద ఆనించుకుని సంతకం పెడుతోంది.