పోయినేటి కొమ్మ

వాన.

ఆకు లేని పుల్లల మీద సన్నటి వాన. ఒక్కో పుల్ల కొసన ఒక్కో చుక్క... పడదు, నిలవదు.

ఫిబ్రవరి అంటే అమెరికా పడమటి ఒడ్డున మా ఆస్టోరియాలో ఇంతే. నది కనపడదు. కొండ కనపడదు. మా ట్రెయిలర్ ఇళ్ల వరస మాత్రం కనపడుతుంది — అందులో ముసలామె ఐలీ నిస్కనెన్ గుమ్మం పక్కన ఆ పొద.

చచ్చినట్టే ఉంటుంది. చావలేదు.

చేపల ఫ్యాక్టరీ వెనక గట్టు మీద దానంతటది పెరిగేది. గట్టు తవ్వేసి కార్లకు చోటు చేశారు. తవ్వకముందే ఐలీ ఒక్క పుల్ల విరిచి తెచ్చి తడిమట్టిలో గుచ్చింది. ఆ ఫ్యాక్టరీలో బతుకంతా చేపలు కోసిన చేతులవి. పుల్ల బతికింది. వేరు పట్టింది. నడుమెత్తు దాటింది.

పూయలేదు.

ఎలా పూస్తుంది? ఏటా ఇదే నెలలో మా ఇళ్ల వరస మేనేజరు లైల్ మనిషిని పంపి గుండ్రంగా గొరిగించేస్తాడు. శుభ్రమట! ఆ పొద పోయినేటి కొమ్మ మీదే పూస్తుంది. పోయినేటిది కోశావా — ఈ ఏటి పువ్వు కోసేసినట్టే. ఇంతకన్నా విడమర్చి చెప్పడం నా వల్ల కాదు.

మార్చిలో దక్షిణం నుంచి హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి. పూలతేనె తాగే బొటనవేలంత పిట్టలు, ఇటుక రంగువి. ఆకలితో వస్తాయి. ఐలీ గుమ్మం ముందు క్షణం సేపు గాల్లో ఆగి... వెళ్లిపోతాయి.

ఈ ఏడు వెళ్లనివ్వదు.

తోటపని ఎవెరార్డో పొదలు గొరిగే మిషను భుజానేసుకుని వచ్చేసరికి, ఆమె పొదకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"జరుగు పెద్దమ్మా. అయిదు నిమిషాల పని."

"ఇదేం మొక్కో తెలుసా? ఎర్రపూల కరెంట్."

"కరెంటా? ముట్టుకుంటే షాక్ కొడుతుందా?"

"ముట్టుకుంటే కొట్టదు. కోస్తే నేను కొడతా."

నవ్వాడు. మిషను స్టార్ట్ చేశాడు. ఐలీ చెయ్యి వెనక్కి పోనిచ్చి, కొమ్మల్లోకి దూర్చి, మొదలు పట్టుకుంది. కొమ్మ కొయ్యాలంటే ముందు ఆ చెయ్యి కొయ్యాలి.

మిషను ఆగింది.

లైల్ ఊడిపడ్డాడు. "రూలంటే అందరికీ రూలే ఐలీ! ఇటివ్వవయ్యా, నేనే కోస్తా."

మిషను స్టార్ట్ చేసే తాడు లాగాడు. మళ్లీ లాగాడు. దగ్గింది, అంటుకోలేదు. ఎవెరార్డో చేతులు కట్టుకుని వానకేసి చూస్తూ నిలబడ్డాడు. ఏ మీట తిప్పాలో చెప్పలేదు.

"లాగు లైల్, లాగు! పెద్ద చేపే పడేట్టుంది!" — నా కిటికీలోంచి నేనే అరిచాను. వరసంతా నవ్వింది.

"రేపొస్తా. ఇంకో ఇద్దర్ని తెస్తా."

"మే నెల్లో రా" అంది ఐలీ, చెయ్యి తియ్యకుండానే. "పూలు రాలాక. కత్తెర నేనే ఇస్తా. ఎక్కడ కొయ్యాలో కూడా చూపిస్తా."

రేపొస్తాడు.

రానీ.

రేపు ఐలీ ఒక్కతే కూర్చోదు. నా ఇంట్లో కుర్చీలున్నాయి. పక్కింట్లో ఉన్నాయి. ఈ వరసలో కుర్చీ లేని ఇల్లు లేదు — ఇన్నాళ్లూ వాటిని లోపలే వేసుకుని కూర్చున్నాం, అంతే.

మిషను సర్దుకుంటూ ఎవెరార్డో అడిగాడు. "ఇంతకీ ఎప్పుడు పూస్తుంది పెద్దమ్మా?"

"కొయ్యకపోతే."

చీకటి పడుతోంది. పుల్లల మీద వాన... ఒక మొగ్గ కొస పగిలి, గోటి అంచంత ఎరుపు.

రేపటికి ఎంత విచ్చుకుంటుందో —