రాని మనిషి వాటా

నేను మైలవరం దగ్గర పుట్టినదాన్ని. నాకు నోరెక్కువ. ఆ మాట నేనే ముందు చెప్పేస్తే ఇక ఇంకొకరు చెప్పే పనుండదు. మా ఆయన పోయాక విజయవాడ వచ్చి, కృష్ణలంకలో బందరు కాలవ పక్కన తెరేసమ్మగారింట్లో వంటకు కుదిరాను. నర్సుగా రిటైరైన ఆడమనిషి, ఒంటరిది, ఇద్దరికీ నాలుగు గింజలు ఉడకేసి హాయిగా కూర్చోవచ్చని సంబరపడ్డాను. తీరా వచ్చి చూస్తే, పొడుగాటి పెంకుటింటికి అడ్డగోడలు పెట్టించి గదుల వరస చేశారావిడ. గదికొక మనిషి. అందరూ రైలుస్టేషన్లోనూ, బస్టాండులోనూ, కాలవగట్టు మీదా ఏళ్ల తరబడి పడున్నవాళ్లే. అందరూ మతి చెదిరినవాళ్లే.

ఒక్కొక్కరికి ఒక చాప, ఒక పెట్టె, ఒక తాళంకప్ప, దాని చెవి. తలుపులకు గడియలు లోపలివైపే. బయటి గొళ్లేలన్నీ ఆవిడ వడ్రంగి చేత పీకించేశారు. గవర్నర్‌పేట నుంచి డాక్టరుగారు వారానికోసారి వచ్చి మాత్రలిచ్చి పోయేవారు. మింగేవాళ్లు మింగేవారు, ఉమ్మేవాళ్లు ఉమ్మేవారు.

"మాత్రలు మింగనివాళ్లకి గదెందుకండీ?" అని ఓసారి అడిగాను.

"జ్వరం మాత్ర మింగకపోతే నిన్నెవరన్నా నీ ఇంట్లోంచి గెంటేశారా మార్తా?" అన్నారు. "ముందు గది. మిగతావన్నీ తర్వాత. ఇంకో సంగతి. ఎవర్నీ చెయ్యి పట్టుకుని లోపలికి లాగకూడదు."

ఆవిడది ఆర్.సి.ఎం. చర్చి, మాది సి.ఎస్.ఐ. చర్చి. వాదన పెట్టుకుంటే ఆదివారం దాకా తెగదని ఊరుకున్నాను.

గదుల్లో ఎవరి మానాన వాళ్లుండేవారు గానీ, అన్నం దగ్గర మాత్రం యుద్ధమే. ఏళ్లకేళ్లు కుక్కలతో పోటీపడి తిన్న మనుషులు కదా, గిన్నె కనపడితే చాలు మీద పడిపోయేవారు. శౌరయ్య పిడికిళ్లతో తీసి లుంగీలో దాచుకునేవాడు. సొలొమోను అతని మెడ పట్టుకునేవాడు. దానమ్మ తనకు తక్కువొచ్చిందని కంచం గోడకేసి కొట్టేది. నేను గరిటె తిప్పుతూ మధ్యలో నిలబడి అందర్నీ తిట్టేదాన్ని. రోజూ ఒకరికి రక్తం కారేది. ఈ ఇల్లు ఎన్నాళ్లో నిలవదని నాకు అనిపించేది, పైకి కూడా అనేదాన్ని.

అప్పుడొచ్చాడు కాశీరావు. అతనిది బందరు దగ్గర గిలకలదిండి, సముద్రం మీద చేపల వేటకి పోయిన మనిషి. ఎప్పుడు మతి చెదిరిందో, ఈ ఊరెట్లా చేరాడో అతనికే తెలీదు. ఎడమ భుజం పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు పగలంతా వాళ్లతో గొడవపడుతుండేవాడు. వచ్చిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం శౌరయ్యా సొలొమోనూ చేపల పులుసు దాక పట్టుకుని చెరోవైపూ లాగుతున్నారు. కాశీరావు లేచి వచ్చి నా చేతిలో గరిటె తీసుకున్నాడు. నా చేతిలోంచి గరిటె తీసుకున్న మొగాడు అంతకుముందు లేడు.

విస్తరాకులు వరసగా పరిచాడు. అన్నం, పులుసు, చేపముక్క, ఒక్కో ఆకులో ఒక్కోటీ వేసుకుంటూ పోయాడు. తల ఒక ఆకులో పడితే దానికి తోడు తోకముక్క చేర్చాడు, నడిమిముక్క పడితే పులుసు తగ్గించాడు. అప్పుడు నిటారుగా నిలబడి, అలల మీద వినపడేంత గొంతుతో పిలిచాడు. "పడవ వాటా." ఒక ఆకు తీసుకెళ్లి గడప పక్కన పెట్టాడు. "వల వాటా." రెండో ఆకు పొయ్యి దగ్గర, నా కాళ్ల ముందు పెట్టాడు. "శౌరయ్య వాటా. దానమ్మ వాటా. సొలొమోను వాటా." అట్లా అందర్నీ పేరు పెట్టి పిలిచాడు.

పిలిచినవాళ్లు పిలిచినట్టే వచ్చి కూర్చున్నారు. చెయ్యి చాచినవాళ్లు లేరు. చివరి పేరయ్యేదాకా ఒక్కరూ ముద్ద కలపలేదు. చర్చిలో ప్రసంగానికి కూడా మనుషులు అంత కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు.

"పడవేంటయ్యా, ఇల్లయితే?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"మనల్ని మొయ్యడంలా? దానికీ వాటా ఉంటది మార్తమ్మా, కూడు పెట్టే వలకీ ఉంటది," అన్నాడు.

అతని జబ్బు పోలేదు. ఆ సాయంత్రమే ఎడమ భుజాన్ని బండబూతులు తిట్టాడు. కానీ రెండుపూటలా వాటాలు మాత్రం అతనే వేసేవాడు, ఆ ఇంట్లో రక్తం కారడం ఆగిపోయింది.

గేటు బయట, ప్రహరీ పక్కన, గోనెపట్టా కప్పుకుని ఒకామె కూర్చునేది. చేతి మీద పచ్చబొట్టు ఉంటే నేనే చదివాను, సుబ్బరత్నం అని. తెరేసమ్మగారు ఆమె కోసం చివరిగది ఖాళీగా ఉంచారు. ఎన్నిసార్లు పిలిచినా లోపలికి వచ్చేది కాదు. గోడలు మీదపడతాయనే భయమో ఏమో, గేటు దాటి అడుగు పడేది కాదు. నేను రోజూ గిన్నెలో అన్నం తీసుకెళ్లి పెట్టేదాన్ని. అటు తిరిగి తినేది. మాట్లాడేది కాదు.

కొన్నాళ్లకు కాశీరావు ఆఖర్న ఒక ఆకు ఎక్కువ వెయ్యడం మొదలుపెట్టాడు. "సుబ్బరత్నం వాటా," అని పిలిచి, వరసలో ఖాళీగా వదిలేవాడు.

"దానికి నేను గేటు దగ్గరే పెట్టొచ్చాను గదయ్యా," అన్నాను.

"అది నువ్వు పెట్టింది. ఇది ఆమె వాటా."

"రెండూ అన్నమేగా?"

"జబ్బుపడి వేటకి రాలేని మనిషికి గూడా వాటా తీస్తాం. తీసి వాళ్లింటికి పంపుతాం. ఆమె ఇల్లిదేనంటిరి గదా. అందుకని ఇక్కడే పెట్టా."

అందరూ లేచాక కూడా కాసేపు చూసి, ఆ ఆకు తీసుకెళ్లి కాలవలో వదిలి వచ్చేవాడు. రేషను బియ్యం కోసం నేను క్యూలో నిలబడి కాళ్లు పడిపోయే రోజులవి. కడుపు మండిపోయింది. ఒకరోజు వాళ్లు ముద్ద కలపకముందే ఆ ఆకు ఎత్తి అన్నం మళ్లీ గిన్నెలో పోసేశాను. కాశీరావు తన ఆకు మడిచేశాడు. శౌరయ్య మడిచాడు, దానమ్మ మడిచింది. ఆ పూట ఇల్లంతా పస్తు. ఆ తర్వాత నేను దాని జోలికి పోలేదు, తిట్టడం మాత్రం మానలేదు.

ఎమర్జెన్సీ వచ్చింది. రోడ్ల మీద పడుకునేవాళ్లను ఒక లారీ ఎక్కించుకుపోతోందని చెప్పుకున్నారు. ఎక్కడ దింపుతుందో ఎవరూ చెప్పలేదు, వెళ్లినవాళ్లు తిరిగి కనపడలేదు. తెరేసమ్మగారు రోజూ గేటు దగ్గర కూర్చుని సుబ్బరత్నాన్ని బతిమాలేవారు. ఆమె గోనెపట్టా ఇంకా దగ్గరకు లాక్కునేది.

తెరేసమ్మగారు మాత్రల కోసం గవర్నర్‌పేట వెళ్లిన రోజునే, సరిగ్గా అన్నాల వేళకి, ఆ లారీ మా గేటు ముందు ఆగింది. వెనక అప్పటికే కొంతమంది కూర్చుని ఉన్నారు. ఖాకీ చొక్కా అతనొకడు దిగి సుబ్బరత్నం వైపు నడిచాడు. నేను పరిగెత్తాను.

"ఆమె మా మనిషండీ."

"మీ మనిషైతే రోడ్డు మీదెందుకుందమ్మా?"

"లోపల గదుందండీ, కావాలంటే చూడండి."

"గదుంటే లోపలికి పొమ్మనండి. వెళ్తే వదిలేస్తాం. లేకపోతే ఎక్కించడమే." అతను చెడ్డగా ఏమీ అనలేదు. తొందరలో ఉన్నాడంతే.

"లేవే తల్లీ, ఒక్కసారి లోపలికి రా," అన్నాను. కదల్లేదు. తెరేసమ్మగారి మాట కూడా మరిచిపోయి చెయ్యి పట్టుకుని లాగాను. ఆమె పెట్టిన కేకకి నా చెయ్యి దానంతటదే వదిలేసింది. ఖాకీ చొక్కా అతను లారీలో ఉన్న తన మనుషుల్ని పిలిచాడు. ఇద్దరు కిందికి దూకారు.

"కాశీరావూ, ఆ గరిటె పారేసి ఇటు రావయ్యా," అని అరిచాను.

అతను రాలేదు. లోపల ఆకులు పరుస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ మనిషి పోతుంటే వాడికి వాటాలు కావలసి వచ్చాయి, పిచ్చివాడు పిచ్చివాడేనని నోటికొచ్చినట్టు తిట్టాను. లోపల్నుంచి అతని గొంతు లేచింది. "పడవ వాటా. వల వాటా." ఏ రోజెంత నెమ్మదో అంతే నెమ్మది. "శౌరయ్య వాటా." దిగిన ఇద్దరూ సుబ్బరత్నానికి చెరోవైపూ నిలబడ్డారు. "దానమ్మ వాటా. సొలొమోను వాటా." పేర్లన్నీ అయిపోయాయి.

"సుబ్బరత్నం వాటా."

సుబ్బరత్నం లేచింది. గోనెపట్టా మడిచి చంకలో పెట్టుకుంది. ఆ ఇద్దరి మధ్యనుంచి, నా పక్కనుంచి, గేటు దాటి నడిచింది. గడప దగ్గర పడవ ఆకుని తొక్కకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లోపలికి అడుగేసింది. వరస చివర తన ఆకు ముందు కూర్చుంది. మేమంతా ఆమె వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడిపోయాం, ఖాకీ చొక్కా అతనితో సహా.

ఆమె ఆకు వంక చూసింది. తర్వాత తలెత్తి కాశీరావు వంక చూసింది. ఆమె గొంతు నేను మొదటిసారి వినడం అప్పుడే.

"నిన్నటిదేది?"

"కాలవలో వదిలా," అన్నాడు కాశీరావు.

"ఎవర్నడిగి వదిలావు?"

ఆ ఇంట్లో కాశీరావుని లెక్క అడిగినవాళ్లు లేరు. అతను గరిటె కింద పెట్టి, తల వంచి, "తప్పయింది," అన్నాడు.

"మీ మనిషేనమ్మా," అన్నాడు ఖాకీ చొక్కా అతను మెల్లిగా. లారీ వెళ్లిపోయిన చప్పుడు ఎప్పుడయిందో నేను వినలేదు. నా చేత్తో అన్నాళ్లు అన్నం పెట్టాను, ఒక్కరోజు కూడా ఆమె నన్ను నిన్నటి సంగతి అడగలేదు. భయపడ్డానో సంతోషపడ్డానో చెప్పలేను, మోకాళ్ల మీద కూర్చోవాలనిపించింది. కూర్చుంటే ప్రార్థన అనుకుంటారని చారుగిన్నె పట్టుకుని వెళ్లాను.

"కాస్త చారు వెయ్యమంటారా అండీ?" అన్నాను.

"వెయ్యి," అని ఆవిడ ఆకు ముందుకు జరిపింది.