చాటలో పరిచిన వైర్లు

“టీవీ సూసుకుంట రొట్టె మాడగొడ్తున్నవేందే?” అన్నాడు నా పెనిమిటి రాయమల్లు.

రొట్టె మాడలేదు. మా ఊరికి కేబుల్ తెచ్చింది అతనే. డిష్ మా మిద్దె మీదే ఉంది. పొయ్యి పక్కన టీవీ పెట్టించుకున్నది మాత్రం నేను. ఇందులో బొమ్మ బాగుండి, బీడీ కాలనీలో లింగవ్వ ఇంట్లో చుక్కలు పడితే, తప్పు మధ్యలో వైరు పోయే దారిలో ఉన్నట్టు. ఎవరింట్లో బొమ్మ పోయినా కిటికీ దగ్గరకొచ్చి నన్నే అడుగుతారు. బోర్డు మీద పేరు అతనిది.

వారం నుంచి కాలనీలో అన్నీ చుక్కలే. ఆదివారం సినిమా సరిగా రాకపోతే పక్క ఊరి కేబుల్ తెచ్చుకుంటామని అరవై ఇళ్లవాళ్లూ చెప్పేశారు. రాయమల్లు బొమ్మకు బలం పెంచే బూస్టర్ పెట్టాడు. బొమ్మతో పాటు టీవీ గొంతు కూడా బురబురమంది.

ఆ రోజు బీడీలు చుట్టే చాటలో తునికాకు ముక్కలు ఇళ్లలా పేర్చి, బీడీ దారాన్ని వైరులా పరిచాను. దారం మా ఇంటి నుంచి కాలనీని దాటుకుని ఊరి ఆ చివర లింగారావు దొర ఇంటికి పోయి, అక్కడ మలుపు తిరిగి వెనక్కి కాలనీకి వచ్చింది. అంత దూరం తిరిగొచ్చేసరికి బొమ్మలో బలం మిగులుతుందా? నాకు నవ్వొచ్చింది. “బీడీలోళ్ల ఇండ్ల మీదికెళ్లి వచ్చే వైరు మాకెందుకు? ముందుగాల మా ఇల్లే” అని పోయిన వారం దొర అన్నాడట. రాయమల్లు తలూపి వైరు అట్లా తిప్పాడట.

“కాలనీ మొగదల నీళ్ల ట్యాంకు కాడ వైరు రెండుగ చీలుస్తే సరి” అన్నాను రాయమల్లుతో.

“దొరకు తెలిస్తే?”

“ఎవరిల్లు ముందటనో బొమ్మ మీద రాసుంటదా?”

“బీడీలు చుట్టెదానికి వైర్ల ముచ్చటెందుకే!” అంది మా అత్త. ఆమె కొడుకు ఇంకో బూస్టర్ కోసం ఆదివారం పొద్దున్నే మెట్‌పల్లి బస్సెక్కాడు.

నేను ఊరికి బొమ్మ పంపే మిషన్ ఆపి నిచ్చెన పట్టుకుని బయల్దేరాను. లింగవ్వ నిచ్చెన కాళ్లు అదిమి పట్టింది. “పడకే పిల్లా, రేపు ఖార్ఖానాల నీ బీడీలు గూడ నేనే అప్పజెప్పాల్నా?”

ట్యాంకు దగ్గర పోయే వైరూ తిరిగొచ్చే వైరూ ఒకే కొక్కానికి వేలాడుతున్నాయి. రెండూ కోశాను. పైతోలు, లోపలి జాలీ, నడిమి తీగ: ఆకు ఈనె తీసే వేళ్లకు ఇదేం పని? ఒక వైరును రెండుగా చీల్చే స్ప్లిటర్ బిగించి, ఇంటికి ఉరికి, మిషన్ వేశాను. మిద్దె నుంచి మిద్దెకు కేకలు పరుగెత్తుకొచ్చాయి.

“వచ్చింది! సాఫ్ వచ్చింది రాజక్కా!”

దొర భార్య ప్రమోదినమ్మకు ఫోన్ చేశాను. “ఎప్పటి లెక్కనే మంచిగున్నది” అంది.

మధ్యాహ్నం సినిమా పెట్టే వేళకు రాయమల్లు బస్సు దిగాడు. అతని పనే అనుకుని కాలనీవాళ్లు దారిలోనే చుట్టుముట్టారు. “మస్తు జేసినవ్ రాయమల్లూ!”

“పనితనం గట్లుంటది మరి” అన్నాడు. లోపలికొచ్చి నిచ్చెన చూసి, నాతో గొంతు తగ్గించి, “దొరకు తెల్వద్దు. నువ్వు ఎక్కినట్టు ఎవలకూ చెప్పకు. ముందుగాల అన్నం పెట్టు” అన్నాడు.

పెట్టాను. అతను మొదటి ముద్ద కలుపుకుంటుంటే నేను మిషన్ గదిలోకి వెళ్లాను. ఊరి టీవీలన్నిట్లో కరెంటు కోతల కబురు చెప్పడానికి అతను వాడే మైకు అక్కడుంది. ఇప్పుడు ఊరంతా టీవీల ముందే. సినిమా గొంతు తగ్గించి, మైకు బటన్ నొక్కాను.

“నేను రాజక్కను మాట్లాడుతున్న. ఇయ్యాల్టి సంది వైరు ముందుగాల బీడీ కాలనీకే పోతున్నది. దొరగారి బొమ్మ ఏం ఖరాబు కాలే, చూసుకోండ్రి. చీల్చింది నేనే. ఇగ బొమ్మ రాకుంటే నన్ను పేరు వెట్టి పిలువుండ్రి.”