ఒవైస్ పిడికిలి

మా పెళ్లయిన నెలకే సకల జనుల సమ్మె మొదలైంది. కొత్త కోడలిగా నా మొదటి బగారన్నం జనగామ చౌరస్తాలో, నడిరోడ్డు మీద వండాను. అందరూ దాన్ని వంటావార్పు అన్నారు. నాకైతే ఊరంతా మళ్లీ మా వలీమా విందు చేస్తున్నట్టే ఉంది.

వడ్డించడానికి మా ఆయన ఒవైస్ గంటె పట్టుకుని చటుక్కున లేచాడు. అంతే, కుడిచెయ్యి మెలితిరిగి, పిడికిలి బిగుసుకుని, గంటెతో సహా పైకి లేచింది. అన్నం పక్కనున్న బిక్షపతన్న భుజం మీద పడింది. సమ్మె టెంటు నడిపే ఆ అన్న దులుపుకోకుండానే "జై!" అని అరిచాడు.

"తెలంగాణ!" అంది రోడ్డంతా.

కాసేపటికి చెయ్యి దానంతటదే దిగింది.

"తమ్మీ, నీ పిడికిలి జూస్తే మాకే రోషమొస్తది!" అంటూ ఒవైస్‌ను టెంటులో ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన మురిసిపోయాడు. నేనూ మురిశాను. కానీ ఇంట్లో చాయ్ కోసం లేచినా ఆ చెయ్యి అలాగే లేచేది. నొప్పికి పళ్లు బిగబట్టేవాడు. ఓసారి ఆ పిడికిట్లో నా చెయ్యి చిక్కి, గాజులు పగిలాయి.

"దవాఖానకు పోదాం," అన్నాను.

"రోగమని తెలిస్తే టెంటుల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"అది గట్లనే నిలవడిపోతే నేనేం జెయ్యాలె? బట్టలారెయ్యాల్నా?"

బస్సులు బంద్. జీపు పట్టుకుని హన్మకొండలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. అక్కడ ఆ చెయ్యి పెళ్లిచూపుల్లో పిల్లలా బుద్ధిగా కూర్చుంది. డాక్టరు వంచి చూశాడు, తట్టి చూశాడు.

"మంచిగనే ఉన్నది గదమ్మా?"

"నేను జెప్పలే?" అన్నాడు ఒవైస్ సంబరంగా.

ఇలాగే ఇంటికి పోతే మళ్లీ రాడు. చటుక్కున లేస్తేనే అది వస్తుందని గుర్తొచ్చి, గొంతు చించుకున్నాను.

"జై!"

"తెలంగాణ!" అన్నారు వరండాలోని పేషెంట్లందరూ. అలవాటుకొద్దీ ఒవైస్ దిగ్గున లేచాడు. చెయ్యీ లేచింది. సగం లేచిన డాక్టరు మళ్లీ కూర్చుని, నవ్వడం మానేసి, ఆ మెలిక ఎంతసేపు ఉంటుందో గడియారంలో చూశాడు.

స్కానింగు తర్వాత జబ్బు పేరు చెప్పాడు: మల్టిపుల్ స్క్లిరోసిస్. నరాల పైపొర అక్కడక్కడా దెబ్బతింటుందట. ఇలా మెలికలతో బయటపడటం అరుదట.

"మెలికలు గోలీలతోని ఆగుతయ్. జబ్బుకు మాత్రం చాన్నాళ్లు మందులు వాడాలె. జల్ది వచ్చిన్రు, మంచిదైంది."

"ఇగ లేవదా సార్?" ఒవైస్ గొంతులో దిగులు.

గోలీలు పనిచేశాయి. మరో వంటావార్పు నాడు బిక్షపతన్న "జై" అనగానే ఒవైస్ తన ఇష్టంతో, హాయిగా చెయ్యి ఎత్తాడు. అన్న పెదవి విరిచాడు.

"ఏంది తమ్మీ, మా చెల్లె నీ జోరంత దించిందా?"

ఒవైస్ నావైపు చూసి నవ్వాడు. ఆ చేత్తోనే గంటె అందుకుని, చటుక్కున లేచి వడ్డించాడు. ఒక్క మెతుకూ కింద పడలేదు.