పానకాలరావు గొంతుకు ఉద్యోగం

ఒక మంగళవారం పొద్దున్నే పానకాలరావు గొంతు ఉద్యోగానికి వెళ్లిపోతుంది. మనిషి మాత్రం ఇంట్లోనే, కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంటాడు. పెదాలు కదులుతాయి, మాట రాదు.

భార్య హైమవతి కంగారు పడదు. కదిలే పెదాలకు మాట అతికించడమే కదా ఆవిడ పని! యూసఫ్‌గూడలోని డబ్బింగ్ స్టూడియోలో ఇరవై రెండేళ్లుగా కార్టూన్లకు తెలుగు చెబుతోంది. మొదట గుంపులో అరుపులు, తర్వాత ఏడుపులు, ఆపైన బుజ్జి ఉడుత. ఏ దేశపు ఉడుతైనా సరే, మన పిల్లల దగ్గరికొచ్చేసరికి హైమవతి గొంతుతోనే జామకాయ అడుగుతుంది. తెర మీద ఉడుత ముద్దు పెడితే, మైకు ముందు ఈవిడ తన ముంజేతినే ముద్దు పెట్టుకుంటుంది, పాపం. అలాంటి మనిషికి సొంత మొగుడి పెదాలొక లెక్కా?

ఎదురుగా కూర్చుని, అతని నోరు తెరుచుకునే క్షణం కనిపెట్టి, ఉడుత గొంతుతో అందుకుంటుంది. "కాఫీ బ్రహ్మాండంగా ఉంది హైమా!"

పానకాలరావు తల అడ్డంగా ఊపుతాడు. అయితేనేం, మాట పెదాలకు చక్కగా అతికింది. ఇంకేం కావాలి అనుకుని ఆవిడ బ్యాగు తగిలించుకుని స్టూడియోకు బయల్దేరుతుంది.

అక్కడ మైకు ముందు ఆ గొంతు నిలబడి ఉంటుంది. మనిషి లేడు, గొంతు ఉంది. హెడ్‌ఫోన్లు గాల్లో, రెండు చెవులంత ఎడంగా నిలిచి ఉన్నాయి.

"కొత్త ఆర్టిస్టు మేడమ్," అంటాడు సౌండ్ ఇంజనీరు ఇమ్రాన్. "ఉడుతకు నాయన. ఒక్క టేకులనే కొడుతుండు. ఏం గొంతు మేడమ్!"

చెప్పొద్దూ, నిజంగానే బాగుంది. ఇంట్లో రోజుకు నాలుగు మాటలైనా ఆడని గొంతు, ఇక్కడ పిల్ల ఉడుతకు చెట్టెక్కడం నేర్పుతోంది, జోకులు వేస్తోంది, లాలిపాట పాడుతోంది. హైమవతికి ముందు ఒళ్లు మండుతుంది. తర్వాత కళ్లు చెమరుస్తాయి.

మధ్యలో టీ ఇచ్చినప్పుడు మైకు దగ్గరికి వెళ్లి మెల్లిగా అంటుంది. "ఇంటికి రండి. ఆయన నోరు ఖాళీగా ఉంది."

"వచ్చి ఏం చెయ్యను హైమా? అక్కడ నాకు డైలాగులు లేవు," అంటుంది గొంతు, మర్యాదగా.

"ఎందుకు లేవూ?"

"నేను నోరు తెరిచేలోగా నువ్వు చెప్పేస్తావు. పెళ్లయి ఇరవై ఆరేళ్లు, ఇదే వరస. చుట్టాలొస్తే నా క్షేమం నువ్వే చెబుతావు. డాక్టరు దగ్గర నా నొప్పీ నువ్వే చెబుతావు. ఇక్కడైతే నా వంతు వచ్చేదాకా అందరూ ఆగుతారు." గొంతు కాస్త సర్దుకుంటుంది. "ఈ బొమ్మ ఇవాళతో అయిపోతుంది. మద్రాసులో ఏనుగు వేషానికి పిలిచారు. రేపు వెళ్తే ఇంక రాను."

హైమవతి టీ గ్లాసు కింద పెట్టేస్తుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడకు దురుద్దేశమేమీ లేదు. ఖాళీ కనబడితే నింపేయడం అలవాటైపోయింది, అంతే.

"ఈ ఒక్క సాయంత్రం రండి. నేను నోరెత్తను," అంటుంది.

సాయంత్రం నాలుగింటికి మొగుడి ఎదురుగా కూర్చుంటుంది. అతని పెదాలు కదులుతాయి. అమ్మో, ఎంత కష్టం! 'టీ పెట్టు' అన్న మాట చిన్న ఉడుతై ఆవిడ కుడి బుగ్గలోకి వచ్చి కూర్చుంటుంది. 'ఫ్యాను వెయ్యి' ఎడమ బుగ్గలోకి వస్తుంది. ఇంకో నాలుగు వచ్చి ఇరుక్కుంటాయి. ఆవిడ పెదాలు బిగించి, ఒక్కదాన్నీ బయటికి వదలదు.

ఇంట్లో నిశ్శబ్దం చీలమండల దాకా వస్తుంది, తర్వాత మోకాళ్ల దాకా. గుమ్మం దగ్గరి చెప్పులు తేలుతాయి. హైమవతి కాళ్లు కుర్చీ మీదికి పెట్టుకుని ఆగుతుంది.

ఆరు దాటాక తలుపు తెరుచుకుంటుంది. గొంతు ఆయాసపడుతూ లోపలికొస్తుంది, మూడో అంతస్తు కదా. పానకాలరావు పక్కన కాసేపు నిలబడి, ఆవిడ నోరు మూసుకునే ఉందని చూసుకుని, అప్పుడు అతని నోట్లోకి వెళుతుంది. అతను గుటక వేస్తాడు. చెప్పాల్సినవి ఇరవై ఆరేళ్లవి ఉన్నాయి కాబట్టి, మొదటి దాని దగ్గర్నుంచే, పెళ్లయిన మర్నాడు అనబోయి ఆగిపోయిన మాటతోనే మొదలుపెడతాడు.

"నిన్న పెళ్లిలో నీ చెయ్యి వణికింది హైమా. ఎందుకని అడగబోయాను, చలి అని నువ్వే అనేశావు. భయపడకు. నాక్కూడా భయంగానే ఉంది."

హైమవతి ఏడుస్తుంది, చప్పుడు లేకుండా. బదులు చెప్పాలని ప్రాణం కొట్టుకుంటుంది. చెప్పదు.

తలుపు సందులోంచి ఒక చెయ్యి లోపలికొస్తుంది. గాజుల దాకా మాత్రమే ఉన్న, గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉన్న పెళ్లికూతురి చెయ్యి. నిశ్శబ్దం మీద నెమ్మదిగా ఈదుకుంటూ వచ్చి, పానకాలరావు మోకాలెక్కి, అతని అరచేతిలో ముడుచుకుని పడుకుంటుంది. ఇంకా వణుకుతోంది. ఆ వణుకు తగ్గేదాకా ఇద్దరూ ఆగుతారు.